మా నాయిన చెప్పిన సాక్ష్యాలు

మా సంఘం వాళ్లు ఏటా అచ్చు వేయించే చిన్న పుస్తకంలో మా నాయిన గురించి ఒక పేరా ఉంది. అమీర్‌పేట వాస్తవ్యుడైన సహోదరుడు ఏసోబు నల్లమందుకు దాసుడై ఉండి, ప్రభువు కృప చేత ఒక్క దినంలో విడుదల పొందాడట. వాస్తవ్యుడన్న మాట నిజం. తక్కినది అబద్ధం. నాయిన ఒక్క దినంలో బాగుపడలేదు. రెండుసార్లు బాగుపడ్డాడు. రెండోసారి పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులూ నేను తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఆ పేరా రాసినవాళ్లలో ఒక్కరూ ఆ గల్లీలోకి తొంగిచూడలేదు. అందుకే నేను రాస్తున్నాను. నాకు కోపం ఉంది, దాచుకోను.

నాయిన రాళ్లు కొట్టేవాడు. పంజాగుట్ట అవతల గుట్టల మీద పెద్దవాళ్లు బంగ్లాలు కట్టుకుంటున్న రోజులవి. గుట్టంతా రాయే కాబట్టి సమ్మెట పట్టిన ప్రతివాడికీ పని దొరికేది. ముప్పై మూడులోనో ముప్పై నాలుగులోనో నాయినకు నడుము పట్టేసింది. మేస్త్రీ రాజనర్సయ్య జేబులో ఎప్పుడూ ఒక డబ్బీ ఉండేది. నడుము పట్టినవాడికీ, జ్వరం తగిలినవాడికీ, బిడ్డ చచ్చి పనికి రానివాడికీ అందులోంచే మిరియపు గింజంత గోలీ ఇచ్చేవాడు.

"మింగు ఏసోబూ, నడుము యాడున్నదో సుత యాదికుండది" అన్నాడట.

ఉండలేదు. మొదట నడుము మరిచిపోయాడు, తరువాత పని మరిచిపోయాడు, ఆ తరువాత నన్నూ అమ్మనూ మరిచిపోయాడు. నల్లమందు అప్పుడు దొంగ సరుకు కాదు. లైసెన్సు దుకాణంలో ఉప్పూ పప్పూ కొన్నట్టు కొనుక్కోవచ్చు. కూలికి పోయే తల్లులు చంటిపిల్లలకు ఆవగింజంత నాకించి పడుకోబెట్టి పోయేవాళ్లు. అందువల్ల నాయినది జబ్బని ఎవరికీ తోచలేదు. సోమరిపోతు అన్నారు, అంతే. మా అమ్మ యేసుమణి ఎర్రమంజిల్ కొండ మీద ఒక నవాబు గారింట్లో ఆయాగా చేసి ఇల్లు నెట్టుకొచ్చింది. మా సంఘంలో ఆడవాళ్లు ఆమెను చూసి జాలిపడేవాళ్లు. జాలిపడటానికి ఖర్చేమీ లేదు కదా.

అమీర్‌పేట చివర జామతోటలో ఒక పాత బంగ్లా ఉండేది. మిషను వాళ్లు దాన్ని అడిగి పుచ్చుకుని ఎనిమిది మంచాలు వేశారు. ఊళ్లో దాన్ని నల్లమందు బంగ్లా అనేవాళ్లు. మగ్దలీనమ్మ అనే నర్సమ్మ దాన్ని నడిపేది. మెదక్ వైపు మనిషి, విధవ, గడకర్రలా పొడుగు. ఆమె నవ్వగా నేను చూడలేదు. ముప్పై ఏడు ఎండాకాలంలో అమ్మ నాయినను చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కుపోయింది. నాయిన గుమ్మంలో కూలబడి ఏడిస్తే మగ్దలీనమ్మ, "ఏడ్సుడు అయినంక లోపలికి రా" అని తన పనికి తాను పోయింది.

ఆమె వైద్యం ఇది. వచ్చినవాడు రోజుకెంత మింగుతాడో చూసి, దానికి సరిపడా నల్లమందు నీళ్లలో కరిగించి పెద్ద సీసా నింపేది. అది వాడి సీసా. రోజూ రెండు పూటలా అందులోంచి ఒక గరిటె తాగాలి. తాగిన వెంటనే ఆ ఖాళీని అదే గరిటెతో నేలవేము కషాయం పోసి వాడే నింపాలి. సీసా ఎప్పుడూ మెడదాకా నిండే ఉంటుంది. మందు మాత్రం రోజురోజుకూ పలచబడుతుంది. నెలలు గడిచేసరికి సీసాలో చేదు తప్ప ఏమీ మిగలదు, అది ఏ రోజు మిగలకుండా పోయిందో తాగేవాడికి తెలియదు. ఆమె చెప్పదు. ఎవరైనా "గుణమైందా అమ్మా" అని అడిగితే విరుచుకుపడేది.

"గుణం గాలే. అయితున్నది. సచ్చేదాక అయితనే ఉంటది."

బంగ్లాలో ఇంకో కట్టడి ఉంది. అక్కడ నల్లమందు పేరు ఎత్తకూడదు. ఎంత తినేవాడు, ఎట్లా తినేవాడు, తింటే ఎట్లా ఉండేది అని ఒకడితో ఒకడు ముచ్చట పెట్టకూడదు. ఎత్తినవాడికి ఆ పూట మజ్జిగ బంద్. వంటవాడు సర్దార్ దీన్ని కోర్టు హుకుంలా అమలు చేసేవాడు. అతను కూడా ఆ మంచాల మీంచి లేచినవాడే.

"పేరు తీస్తే చాలు భాయ్, నోరు ఊరుతది" అనేవాడు.

నాయిన తొమ్మిది నెలలు ఆ కట్టడిలో ఉన్నాడు. జామచెట్లకు నీళ్లు పోశాడు, పాదులు తవ్వాడు, ఒళ్లు చేశాడు. ముప్పై ఎనిమిది ఈస్టరు నాటికి ఇంటికి వచ్చి, నేను వండిన పప్పుచారు మూడుసార్లు వేయించుకున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "లీలా, నువ్వెప్పుడు గింత పెద్దగైనవ్ బిడ్డా" అని అడిగాడు. నాకు పద్నాలుగేళ్లు. అంతకుముందు నాలుగేళ్లలో ఆయన నా ముఖం సరిగ్గా చూడలేదు. ఆ వేసవి అంతా నాకు నాయిన ఉన్నాడు. చెప్పుకోదగ్గ సుఖం నాకు అదొక్కటే.

దాన్ని చెడగొట్టినవాళ్లు దుర్మార్గులు కారు. అదే నా ఒళ్లు మండే సంగతి.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పడి లేచినవాడు సంఘం ముందు నిలబడి తన సాక్ష్యం చెప్పాలి. ఎట్లా పడ్డాడో, ఎంత లోతుకు పడ్డాడో, దేవుడు ఎట్లా లేపాడో చెప్పాలి. మా పాదిరి దయారత్నం అయ్యగారు గుంటూరు వైపు నుంచి వచ్చినవారు. మంచి మనిషే, పేదవాడి గుడిసెలో గంజి తాగేవారు. సాక్ష్యమంటే మాత్రం ఆయనకు ప్రాణం. ఆ ఏడు కోతపండుగకు నాయినను నిలబెట్టారు. ముందు నేను కీర్తన పాడాలి, తరువాత నాయిన చెప్పాలి.

నాయినకు మాటలు వచ్చని అంతవరకు మాకెవరికీ తెలియదు. గోలీ నాలుక కింద పెట్టుకుంటే చేదు ఎట్లా దిగుతుందో చెప్పాడు. నడుము నొప్పి పాదాల గుండా ఎట్లా జారిపోతుందో, సమ్మెట ఎట్లా దూదిపింజ అవుతుందో చెప్పాడు. జనం ఊపిరి బిగబట్టి విన్నారు. స్తోత్రం, స్తోత్రం అన్నారు. గుడి బయట నలుగురు పెద్దమనుషులు ఆయన్ను చుట్టుముట్టి, పొద్దున ఎన్ని మింగేవాడివి, పాలతోనా ఉత్తగానా అని అడిగారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టే ఉంది. నాయిన మాత్రం ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబు చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ను ఎవరూ ఏదీ అడిగి ఉండరు.

తరువాత సికింద్రాబాదులో చెప్పించారు, బొల్లారంలో చెప్పించారు. ఎవరో ఒక పాత కోటు ఇచ్చారు. ఆదివారం వస్తే మేమిద్దరం కీర్తన ఒకరూ సాక్ష్యం ఒకరూ, తోలుబొమ్మలవాళ్లలా బయలుదేరేవాళ్లం. చెప్పేకొద్దీ సాక్ష్యంలో పడటం పెరిగింది, లేవటం తగ్గింది. ప్రభువు చివర రెండు మాటల్లో వచ్చి వెళ్లేవాడు. ముందువరసలో కూర్చునే నాకు ఆయన కుడిచెయ్యి కనిపించేది. చెబుతున్నంతసేపూ బొటనవేలూ చూపుడువేలూ ఉండ చుడుతూ ఉండేవి, ఉండ మాత్రం లేదు. సంక్రాంతి దాటేసరికి అది కూడా ఉంది. నేను కోటు ఉతకబోయి డబ్బీ చూశాను.

నేను పరుగెత్తి మగ్దలీనమ్మతో చెప్పాను. ఆమె తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు. చెప్పులు వేసుకుని నా వెంట గుడికి వచ్చింది. వరండాలో అయ్యగారు ఒక్కరే ఉన్నారు.

"అయ్యగారూ, ఏసోబు మల్ల మింగుతుండు. గాయిన్ని జర ఇడిసిపెట్టున్రి. రెండేండ్లన్న నోరు మూసుకొని ఉండాలె" అంది.

"ఏంటమ్మా మీరనేది? నిన్ననే కదా బొల్లారంలో అంత చక్కగా సాక్ష్యం చెప్పాడు!"

"గదే నేననేది. పుండు మీద ఇప్పుడిప్పుడే చెక్కు గట్టింది. ఆదివారమాదివారం పదిమంది ముందట నిలవెట్టి గా చెక్కు గోకిపిస్తున్నరు మీరు."

"అతని సాక్ష్యం విని ఎంతమంది మారుతున్నారో మీకు తెలియదు."

"ఎవ్వలు మారిన్రు? నా తాన మంచాలు ఖాళీగున్నయి. సాక్ష్యం ఇని ఒక్కడు సుత రాలే. ఇనుటానికి మజా ఉన్నది, ఇంటున్రు."

అయ్యగారి ముఖం ఎర్రబడింది. "మీరు నర్సమ్మ గారు. ఒంటి సంగతి మీరు చూసుకోండి, ఆత్మ సంగతి మాకు వదిలేయండి" అన్నారు. అయినా న్యాయమైన మనిషి గనుక నాయినను పిలిపించి అడిగారు. నాయిన గుడిలో బల్ల మీద చెయ్యి పెట్టి ముట్టలేదని ప్రమాణం చేశాడు. అయ్యగారు నమ్మారు. నమ్మడం ఆయన వృత్తి. ఇంటికొచ్చాక నాయిన నాతో, "మీ నాయినకు జర ఇజ్జత్ దొరికితే నీ కండ్లల్ల నిప్పులు వోసుకుంటున్నవా" అన్నాడు. బంగ్లా వైపు మళ్లీ అడుగు పెట్టలేదు. పెట్టినా, పాదిరి చీటీ లేకుండా అక్కడ ఎవరినీ చేర్చుకోరు.

ఎండాకాలం, వానాకాలం అట్లాగే గడిచాయి. గోలీ మిరియపు గింజ నుంచి శనగగింజ అయింది. దసరా ముందు ఒక మధ్యాహ్నం నాయిన కుర్చీలోంచి ఒరిగిపోయాడు. పెదవులు నీలంగా మారాయి, ఊపిరి నిమిషానికి ఒకటో రెండో. మగ్దలీనమ్మ వచ్చి చెంపలు వాయించి, ముఖాన నీళ్లు కొట్టి, ఇద్దరం చంకల కింద పట్టుకుని సాయంత్రం దాకా నడిపిస్తే కళ్లు తెరిచాడు. అప్పుడామె నాతోనూ అమ్మతోనూ ఒక్క మాటే చెప్పింది.

"ఇంకోసారి వడితే లేవడు."

ఆ రాబోయే ఆదివారమే కోతపండుగ. నాయినది ప్రత్యేక సాక్ష్యం. పెద్ద సంఘాల నుంచి జనం వస్తున్నారు. నేను అందరి ముందు నిజం చెప్పేస్తానని అమ్మతో అన్నాను. అమ్మ నా నోరు మూసింది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద వడ్తది బిడ్డా. మన ఇంటి సంగతి ఊరంత జెప్పుకుంటమా?"

"మరి సచ్చిపోనిద్దామా?"

అమ్మ ఆదివారం కోటు ఒళ్లోకి తీసుకుంది. కోటు మడత సరిచేస్తూ కూర్చుంది.

ఆ ఆదివారం నాయిన చెప్పిన సాక్ష్యం లాంటిది నేను మళ్లీ వినలేదు. గొంతు తేనెలా ఉంది. ఆడవాళ్లు ఏడ్చారు. సికింద్రాబాదు పెద్దమనిషి ఒకాయన జేబురుమాలు తీశాడు. చివర నేను కీర్తన ఎత్తుకోవాలి. లేచాను.

"మా నాయిన ఇయ్యాల పొద్దుగాల సుత మింగిండు" అన్నాను. "ఈడికి వచ్చేముందే మింగిండు. మింగకపోతే గాయినకు సాక్ష్యం రాదు. జేబుల డబ్బీ ఉన్నది, సూడున్రి."

అందరూ ఒకేసారి అరిచారు. దయ్యం పట్టిన పిల్ల అని ఒకామె నా జడ పట్టుకుంది. సంఘపెద్ద ఒకడు నాయిన కోటు జేబులో చెయ్యి దూర్చి డబ్బీ పైకి తీశాడు. నాయిన అడ్డుపడలేదు. డబ్బీ వైపు చూడలేదు, అయ్యగారి వైపు చూడలేదు. నా వైపే చూశాడు. ఆ చూపు గురించి రాయను.

మా ముగ్గురినీ ప్రభురాత్రి భోజనపు బల్లకు దూరం పెట్టారు. దొంగప్రమాణం చేసినందుకు నాయినను, దాచినందుకు అమ్మను, ఆరాధన పాడుచేసినందుకు నన్ను. వారం తిరక్కుండా కమిటీ కూర్చుని, రోగం కుదర్చని బంగ్లా ఎందుకని దాన్ని మూసేసింది. సాక్ష్యాలు మాత్రం మూయలేదు, ఇంకో మనిషిని వెతుక్కున్నారు. బంగ్లాలో ఉన్న ఆరుగురినీ సీసాల్లో మందు ఇంకా సగం ఉండగానే ఇళ్లకు పంపేశారు. అందులో మొగిలయ్య అనే జట్కావాడు తరువాతి వానాకాలంలో దుకాణం మెట్ల మీదే చచ్చిపోయాడు. పని పోయిన సర్దార్ దారిలో నన్ను ఆపి, "ఒక్కణ్ని బతికిద్దామని ఆరుగుర్ని ముంచినవ్, శభాష్" అన్నాడు.

మగ్దలీనమ్మ కుమ్మరి గల్లీలో ఒక గది అద్దెకు తీసుకుంది. మూడో రోజున తనే మా ఇంటికి వచ్చింది. నాయిన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"తీస్కరాన్రి" అంది అమ్మతో. "గాని సీసా లేదు ఈసారి. మందు తెచ్చే లైసెన్సు బంగ్లా పేర ఉండె, పాయె. దుకాణపు మందు కొలతకు రాదు. ఒక్కపారే బంద్ జెయ్యాలె. మస్తు గోస వడ్తడు."

పడ్డాడు. మొదటిరోజు ఆవులింతలు, ముక్కూ కళ్లూ ధారలు. రెండోరోజు నుంచి వాంతులు, విరేచనాలు, కాళ్లు తమంతట తాము తన్నుకోవడం. మగ్దలీనమ్మ లోపల తడిగుడ్డ పట్టుకుని కూర్చుని, గుక్కెడు గుక్కెడు గంజి పోసేది. నేను బయట తలుపుకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. తిట్లన్నీ నాకే. నీ నోట్ల మన్ను వడ, నీ నాలుక తెగ, నువ్వు నా కడుపున వుట్టలే. గల్లీలో వాళ్లు కిటికీలు వేసుకున్నారు.

ఐదోరోజు తిట్లు ఆగిపోయాయి.

"లీలా, బిడ్డా" అన్నాడు లోపలి నుంచి. కిందటేడు వేసవిలో పప్పుచారు వేయించుకున్నప్పటి గొంతు. "జర తలుపు దీయి తల్లీ. బాయికాడ నీళ్లు వోసుకొని వస్త. నువ్వు నా బంగారు తల్లివి."

నేను లేచి నిలబడ్డాను. గొళ్లెం మీద చెయ్యి కూడా వేశాను. లోపలి నుంచి మగ్దలీనమ్మ గొంతు, "కూసో" అంది. కూర్చున్నాను. నాయిన గొంతు ఇంకో గంట దాకా అట్లాగే బతిమాలింది. ఆ గంట ముందు తిట్లు ఎంత?

పన్నెండోరోజు లేచి చింతపండు చారుతో అన్నం తిన్నాడు. ఆ తరువాత చనిపోయేదాకా గోలీ ముట్టలేదు. ఎర్రమంజిల్ దగ్గర ఒక బంగ్లాలో తోటపనికి కుదిరాడు. అమ్మతో మాట్లాడేవాడు, పాలవాడితో మాట్లాడేవాడు. నాతో మాట్లాడలేదు. ఒకే గదిలో ఉండి, "దాన్ని నీళ్లు తెమ్మను" అని అమ్మతో చెప్పించేవాడు. నా పెళ్లిలో చెయ్యి పట్టుకుని గుడిలోకి నడిపించాడు, పెదవి మెదపలేదు. నేనూ మొండిదాన్నే. నా తప్పేముందని నేనే ముందు ఎందుకు పలకరించాలి అనుకున్నాను. ఆరున్నరేళ్లు.

నలభై ఆరులో మగ్దలీనమ్మ పోయింది. మనిషి చచ్చాక మా సంఘానికి ప్రేమ పుట్టుకొస్తుంది. బంగ్లా మూసిన కమిటీవాళ్లే పెట్టెను మోశారు. సమాధుల దొడ్డిలో దయారత్నం అయ్యగారు నాయిన దగ్గరికి వచ్చారు, జుట్టంతా నెరిసిపోయింది.

"ఏసోబు గారూ, ఆ తల్లి చేసిన మేలు గురించి నాలుగు మాటలు చెప్పండి. మీరు చెబితేనే అందం" అన్నారు.

"నాకేం యాదికి లేదు అయ్యగారూ" అని నాయిన గుంటలో పిడికెడు మన్ను వేసి, బయటికి నడిచాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వెనకే పరుగెత్తి పంజాగుట్ట దారిలో అందుకున్నాను. ఆరున్నరేళ్ల పంతం అక్కడే గంగలో కలిసింది.

"పదకొండు రోజులు నీ వాంతులెత్తింది గామె. గామె కోసం ఒక్క మాట జెప్తే నీ నోటి ముత్యాలు రాల్తయా? నాతోని మాట్లాడకు, సరే. నేను నీ ఇజ్జత్ దీసిన. గామె ఏం జేసింది?"

నాయిన ఆగాడు. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు.

"ఇజ్జత్ గురించి గాదు లీలా" అన్నాడు. "నువ్వు లేసి చెప్పకపోతే నేను సచ్చిపోదును. నాకెరికే. ఎన్నడో మాఫ్ జేసిన."

"మరి?"

"నిన్ను సూస్తే గా గుడి యాదికొస్తది. గుడి యాదికొస్తే సాక్ష్యం నోట్లెకొస్తది. సాక్ష్యం వస్తే గోలీ వస్తది, గోలీ రుచి గిదో గీడ, నాలిక కింద. ఇప్పుడు సుత ఉన్నది. అందరితోని మాట్లాడొచ్చు, నీతోనే వద్దు. గామెకు జెప్పిన, గామె సుత గదే అన్నది. గోలీ ఇడిసిన బిడ్డా. నిన్ను సుత ఇడువకపోతే గది పోదు."

ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మళ్లీ ఉండ చుడుతున్నాయి. "నువ్వు పో" అన్నాను. ఆయన ముందు నడిచాడు. నేను కావాలని వెనకబడ్డాను, ఏడుస్తూనే ఉన్నాను, ఆయనకు వినపడకుండా.

ఆ తరువాత మూడేళ్లు బతికాడు. నలభై తొమ్మిదిలో గుండెజబ్బు వచ్చి మంచాన పడితే పోయి చూశాను. అమ్మను పిలిచాడు, నా కొడుకును పిలిచి తల నిమిరాడు. నేను గుమ్మంలో కూర్చున్నాను. ఆఖరికైనా పిలుస్తాడని రెండు రోజులు అక్కడి నుంచి లేవలేదు. పిలవలేదు. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే, కానీ పిలిచి ఉన్నా, ఆ గోలీ రుచిని మళ్లీ ఆయన నాలుక కిందికి తేవడానికి లోపలికి పోయేదాన్ని కాదు.